నర్తకుడే చరిత్రకారుడైతే: నటరాజ రామకృష్ణ, పేరిణి నృత్యం

సత్తుపల్లి అధ్యయన కేంద్రానికి వచ్చే మీలో చాలామంది పేరిణి నృత్యాన్ని ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. కళాశాల వార్షికోత్సవంలో కావచ్చు, ఖమ్మంలో జరిగే ప్రభుత్వ ఉత్సవంలో కావచ్చు, కనీసం ఫోనులో కావచ్చు. నుదుట, చేతుల మీద విభూది రేఖలు, మెడలో రుద్రాక్షలు, కాళ్లకు బరువైన గజ్జెలు, వెనుక మృదంగం, శంఖం. ఆట మొదలయ్యే ముందు వ్యాఖ్యాత మైకు పట్టుకొని ఒక మాట చెప్తాడు: "ఇది కాకతీయుల కాలం నాటి నృత్యం. యుద్ధానికి వెళ్లే ముందు సైనికులు శివుని ఎదుట ఆడేవారు." అందరూ చప్పట్లు కొడతారు. ఆట మొదలవుతుంది.

చరిత్ర విద్యార్థిగా మీరు చప్పట్లు కొట్టండి, తప్పు లేదు. ఆ తర్వాత మాత్రం ఒక ప్రశ్న వేసుకోవాలి. కాకతీయ రాజ్యం 1323లో కూలిపోయింది. ఆ నృత్యం మనముందు ఇప్పుడు ఆడుతున్న రూపానికి వయసు అర్ధ శతాబ్దం చిల్లర. మధ్యలో ఉన్న ఆరు వందల ఏళ్లను దాటించింది ఎవరు? ఏ ఆధారంతో దాటించారు?

మొదటి ప్రశ్నకు జవాబు సులభం. నటరాజ రామకృష్ణ. రెండో ప్రశ్నకే ఈ పాఠమంతా.

1. మనిషి

రామకృష్ణ 1923 మార్చి 21న పుట్టారు. పుట్టింది తెలుగునేల మీద కాదు, ఇండొనేషియాలోని బాలీ ద్వీపంలో. తల్లిదండ్రులు కోనసీమ మూలాలున్నవారు. చిన్నతనంలోనే తల్లిని కోల్పోయారు. మగపిల్లవాడు నాట్యం నేర్చుకుంటానంటే మంచి కుటుంబాలవారు ముఖం చిట్లించే రోజులవి. ఆడపిల్ల నేర్చుకుంటానన్నా అంతే, దానికి కారణం వేరు. ఆ సంగతి తర్వాత చూద్దాం. పద్దెనిమిదేళ్ల వయసులో మహారాష్ట్ర ప్రాంతంలోని భండారా సంస్థానంలో ఆయన నృత్యం చూసి పాలకుడు "నటరాజ" అన్న బిరుదు ఇచ్చాడు. బిరుదు ఇంటిపేరులా స్థిరపడిపోయింది.

ఆయన గురువుల జాబితాను ఒకసారి నెమ్మదిగా చదవండి. తంజావూరు సంప్రదాయానికి చెందిన మీనాక్షిసుందరం పిళ్లై. కూచిపూడి నుంచి వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి. ఆ ఇద్దరి పక్కన ఇద్దరు స్త్రీలు: నాయుడుపేట రాజమ్మ, పెండేల సత్యభామ. వీరు కళావంతులు. గుడిలోను, రాజాస్థానాలలోను, పెళ్లి మేజువాణీలలోను ఆడి పాడిన స్త్రీల పరంపర వారిది. మొదటి ఇద్దరి పేర్లు నాట్య చరిత్ర పుస్తకాలలో తేలిగ్గా దొరుకుతాయి. తర్వాతి ఇద్దరి పేర్లు రామకృష్ణగారి జీవితం రాసినప్పుడు మాత్రమే కనిపిస్తాయి. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి.

ఆయన హైదరాబాదులో స్థిరపడి నృత్యనికేతన్ అనే శిక్షణాలయం నడిపారు. ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీకి అధ్యక్షులుగా పనిచేశారు. నలభైకి పైగా పుస్తకాలు రాశారు. వాటిలో "దాక్షిణాత్యుల నాట్యకళా చరిత్ర" రాష్ట్ర సాహిత్య అకాడమీ గుర్తింపు పొందింది. 1992లో పద్మశ్రీ వచ్చింది. 2011 జూన్ 7న హైదరాబాదులో కన్నుమూశారు.

ఈ వివరాలు పరీక్షకు పనికొస్తాయి. అంతకంటే ముఖ్యమైనది, ఆయన విశ్వవిద్యాలయంలో కుర్చీ వేసుకొని పరిశోధన చేసిన ఆచార్యుడు కాదన్న సంగతి. ఉదయం గ్రంథాలయం, సాయంత్రం గజ్జెలు. చదివిన దానిని శరీరంతో పరీక్షించి చూడడం, శరీరానికి అందనిది మళ్లీ పుస్తకంలో వెతకడం. ఇలాంటి పనికి ఇప్పుడు విశ్వవిద్యాలయాలలో శాఖలు, పట్టాలు ఉన్నాయి. ఆయన మొదలుపెట్టిన కాలంలో ఏమీ లేవు.

2. గ్రంథం, రాయి

పేరిణికి మూలాధారం ఒక సంస్కృత గ్రంథం: "నృత్తరత్నావళి". రాసినవాడు జాయప సేనాని. ఇతని కథ కూడా తెలుసుకోదగినదే. కృష్ణా ముఖద్వారంలోని దివిసీమను ఏలిన అయ్య వంశంవాడు. కాకతి గణపతిదేవుడు (పాలనాకాలం 1199–1262) ఆ సీమను జయించి, జాయప అక్కాచెల్లెళ్లు నారాంబను, పేరాంబను పెళ్లి చేసుకొని, జాయపను ఓరుగల్లుకు తీసుకుపోయాడు. అక్కడ అతడు గజసాహిణి, అంటే ఏనుగుల దళానికి అధిపతి అయ్యాడు. ఓడిపోయిన కుటుంబపు కుర్రవాడు గెలిచినవాడి సైన్యంలో పెద్ద పదవిలో కూర్చొని, 1253–54 ప్రాంతంలో నాట్యశాస్త్రం రాశాడు! యుద్ధం చేసేవాడికి నాట్యం ఎందుకని మనకు అనిపిస్తుంది. అతని కాలానికి ఆ ప్రశ్నే తోచి ఉండదు.

నృత్తరత్నావళిలో ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగు మార్గ నృత్యానికి, అంటే భరతుని సంప్రదాయానికి. మిగిలిన నాలుగు దేశి నృత్యాలకు, అంటే ఆయా ప్రాంతాలలో జనం ఆడే వాటికి. చరిత్రకారుడికి బంగారుగని ఈ రెండో సగమే. ప్రేంఖణం, రాసకం, చర్చరి, దండరాసకం, శివప్రియం, కందుకం మొదలైనవాటి వరుసలో పేరణి కూడా ఉంది. దండరాసకం అంటే కర్రలతో ఆడేది. మీ ఊళ్లో కోలాటం చూసినవారికి దాన్ని ఊహించుకోవడం కష్టం కాదు.

గ్రంథాలలో మాట "పేరణి" అని ఉంటుంది. ఇప్పుడు వేదిక మీద వినిపించే "పేరిణి"ని "ప్రేరణ" అనే మాటతో కలిపి అర్థం చెప్పేవారున్నారు. పద వ్యుత్పత్తిని చరిత్రాధారంగా వాడేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉండాలో ముందు పాఠంలో చెప్పుకున్నాం. ఇక్కడా అదే జాగ్రత్త అవసరం.

నృత్తరత్నావళి చాలాకాలం తాళపత్రాలలోనే ఉండిపోయింది. 1965లో వి. రాఘవన్ పరిష్కరించగా మద్రాసులో అచ్చయింది. తెలుగులోకి తెచ్చినవారు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ. అచ్చు పుస్తకం రావడం ఎంత పెద్ద సంఘటనో ఈ రోజుల్లో మనం మరిచిపోతాం. ఒక పాఠం అచ్చయితేనే నర్తకుడు, శిల్ప పరిశోధకుడు, సంస్కృత పండితుడు ఒకే శ్లోకం ముందు కూర్చొని వాదించుకోగలరు.

రెండో ఆధారం రామప్ప గుడి. సత్తుపల్లి నుంచి అడవి అంచు పట్టుకొని భద్రాచలం, మణుగూరు, ఏటూరునాగారం మీదుగా పైకి పోతే ములుగు జిల్లా పాలంపేటలో ఉంటుంది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. నల్లరాతి స్తంభాల మీద నర్తకులు, మద్దెల వాయించేవారు వరుసలుగా ఉంటారు. చూరు కింద నిలబడ్డ మదనికలను చూడడానికే దేశదేశాల నుంచి జనం వస్తారు.

రామకృష్ణగారు చేసిన పని ఈ రెంటినీ కలిపి చదవడం. గ్రంథంలో ఒక స్థానం పేరు, పాదం ఎలా ఉండాలో వర్ణన. రాతి మీద ఒక బొమ్మ, పాదం ఎలా ఉందో కళ్లకు కనిపిస్తుంది. రెండూ సరిపోలితే నర్తకుడు ఆ భంగిమలో నిలబడి చూస్తాడు. బరువు ఏ కాలి మీద పడుతోంది, అక్కడి నుంచి తర్వాతి అడుగు ఎటు పడుతుంది అన్నది అప్పుడు శరీరమే చెప్తుంది.

ఈ పద్ధతిలో బలం ఉంది. లోపాలూ ఉన్నాయి. మూడింటిని మీ దృష్టికి తెస్తాను.

గుడి కట్టింది 1213లో, గ్రంథం రాసింది 1253 తర్వాత. మధ్య నలభై ఏళ్లు. శిల్పి జాయపను చదివి చెక్కలేదు. జాయప రామప్పను చూసి రాశాడని చెప్పడానికి గ్రంథంలో మాట కావాలి. రెండూ ఒకే రాజ్యంలో, ఒకే అభిరుచిలో పుట్టాయి కాబట్టి ఒకదానితో ఒకదాన్ని వివరించవచ్చునని అనుకుంటున్నాం. ఇది న్యాయమైన అనుకోలే. అయినా అనుకోలే.

ఇక, రాయి ఒక్క క్షణాన్నే పట్టుకుంటుంది. నృత్యం క్షణానికీ క్షణానికీ మధ్యలో ఉంటుంది. ఒక బొమ్మ నుంచి పక్క బొమ్మకు ఎలా వెళ్లాలో స్తంభం చెప్పదు. ఆ మధ్య దారి పూర్తిగా రామకృష్ణగారిది, ఆయన గురువులు ఆయన ఒంటికి నేర్పిన అలవాట్లది.

ఇంకొకటి, బొమ్మల కింద పేర్లు రాసి లేవు. మద్దెల పక్కన కాలెత్తిన మగమనిషిని పేరణి నర్తకుడని మనం గుర్తిస్తున్నాం. శిల్పి చెప్పలేదు.

3. గ్రంథంలో పేరణి, వేదిక మీద పేరిణి

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. పేరణి గురించి మాట్లాడిన శాస్త్రకారుడు జాయప ఒక్కడే కాదు. దేవగిరి యాదవుల ఆస్థానంలో ఉన్న శార్ఙ్గదేవుడు కూడా అదే శతాబ్దంలో తన "సంగీతరత్నాకరం"లో వర్ణించాడు. ఒంటికి తెల్లని పూత, గుండు చేయించుకొని వదిలిన పిలక, పిక్కల దగ్గర కట్టుకున్న గజ్జెలు. ఐదు అంగాలు: ఘర్ఘరం, విషమం, భావాశ్రయం, కవిచారకం, గీతం.

ఘర్ఘరం గజ్జెల పని. కట్టుకున్న గజ్జెలను మోగించడం అందరికీ వచ్చు. తాను కోరినంతే మోగించడం, కావాలంటే ఆపడం నిపుణులకే వస్తుంది. విషమం అంటే దూకుడు, ఎగురు, ఒళ్లు విరుచుకొని చేసే కష్టమైన విన్యాసాలు. ఈ రెండూ నేటి వేదిక మీద ఘనంగా కనిపిస్తాయి. గీతం సరే. కవిచారకం ఉత్తమ నాయకుని ఔన్నత్యానికి సంబంధించినది. భావాశ్రయమో? అది నవ్వు పుట్టించే అనుకరణ.

ఒక్కసారి ఆగి ఆలోచించండి. 13వ శతాబ్దపు ప్రేక్షకుడు పేరణి నర్తకుడి నుంచి వీరావేశంతో పాటు నవ్వును కూడా ఆశించాడు. విభూది పూసుకున్న, గుండు చేయించుకున్న ఆ మనిషి కాసేపు అందరినీ నవ్వించాలి. శార్ఙ్గదేవుడు చెప్పిన ఐదు అంగాలలో యుద్ధం పేరుతో ఏదీ లేదు. నాయకుని ఔన్నత్యం చెప్పే అంగం ఉంది కాబట్టి వీరరసానికి చోటు లేదని అనలేం. కానీ సైనికులు యుద్ధానికి ముందు ఆడేవారన్న వాక్యం, మనం మైకులో వినే వాక్యం, ఆ వర్ణనలో నుంచి నేరుగా రాదు.

తెలుగు కావ్యాలలో కూడా పేరణి కనిపిస్తుంది. పాల్కురికి సోమనాథుడు "పండితారాధ్య చరిత్ర"లో శివరాత్రి వేళ శ్రీశైలంలో జరిగే ఆటపాటలను ఏకరువు పెట్టినప్పుడు పేరణిని చేర్చాడు. అక్కడ ఉన్నది యాత్రికుల జనసమ్మర్దం, జాగరణ, రకరకాల ఆటలు. పేరణికి శివునితో సంబంధం ఉందనడానికి ఇది మంచి ఆధారం. శివరాత్రితో సంబంధం ఉందనడానికి ఇంకా మంచి ఆధారం.

అందుకే కాబోలు, 1985 మహాశివరాత్రి రాత్రి రామకృష్ణగారు తన శిష్యులతో రామప్ప గుడి ముంగిట పేరిణి శివతాండవాన్ని ప్రదర్శించారు. ఆ రాత్రే ఈ నృత్యానికి రెండో పుట్టుక అని కళాకారులు చెప్పుకుంటారు. జాయప గ్రంథానికి, ఆ రాత్రికి మధ్య ఏడు వందల ముప్పై ఏళ్లు. ఏ స్తంభం మీది బొమ్మలను చూసి అడుగులు కట్టుకున్నారో ఆ స్తంభాల ముందే ఆడడం! శాస్త్రీయ పరిశోధనలో దీన్ని ఏ విభాగంలో పెడతామో నాకు తెలియదు. పరిశోధనా ఫలితాన్ని ప్రకటించడం అనవచ్చు. పూజ అని కూడా అనవచ్చు.

తరగతిలో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు: "అయితే సార్, పేరిణి నిజమైనదా, కల్పించినదా?" ఈ ప్రశ్నను ఇలా వేస్తే జవాబు దొరకదు. దీన్ని విప్పడానికి ప్రపంచంలో వేరేచోట జరిగిన చర్చ ఉపయోగపడుతుంది. 1983లో ఎరిక్ హాబ్స్‌బామ్, టెరెన్స్ రేంజర్ అనే చరిత్రకారులు కూర్చిన ఒక పుస్తకం, అతి ప్రాచీనమని చెలామణి అవుతున్న ఎన్నో ఆచారాలు ఈమధ్య కాలంలో తయారైనవేనని వాదించింది. సరిగ్గా రామప్ప ప్రదర్శన జరిగిన 1985లోనే అమెరికాలో రిచర్డ్ షెక్నర్ పుస్తకం వచ్చింది. ఆయన నాటక దర్శకుడు, న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. రంగస్థలం మీద పనిచేస్తూనే దాని గురించి సిద్ధాంతం చేసినవాడు. ఆగిపోయిన ప్రదర్శనను మళ్లీ నిలబెట్టేటప్పుడు గతం నుంచి కొంత తీసుకొని, కొంత కలిపి, ఆ కలిసినదానినే గతంగా చూపిస్తామని ఆయన వివరించాడు. ఉదాహరణగా భరతనాట్యాన్నే తీసుకున్నాడు. సదిర్ అనే పేరుతో దేవదాసీలు ఆడిన ఆట 1930లలో మద్రాసులో కొత్త పేరు, కొత్త వేదిక, కొత్త కులాల నర్తకులతో రూపుమారిన కథ అది.

హాబ్స్‌బామ్ కళ్లతో చూస్తే పేరిణి మీద అనుమానం కలుగుతుంది. షెక్నర్ కళ్లతో చూస్తే ఆ కలపడం ఎలా జరిగిందో తెలుసుకోవాలన్న ఆసక్తి కలుగుతుంది. నా మటుకు నాకు రెండో చూపే ఎక్కువ పనికొచ్చేదిగా కనిపిస్తుంది. రామకృష్ణగారు శూన్యంలోంచి తీయలేదు: గ్రంథం ఉంది, రాయి ఉంది, గురువులు నేర్పిన దేహం ఉంది. అయితే వ్యాఖ్యాత మైకులో చెప్పే ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం మీరు జవాబు పత్రంలో రాయకండి. రాస్తే "అని ప్రతీతి" అని చేర్చండి.

4. అమ్మల దగ్గర నేర్చుకున్నది

రామకృష్ణగారి జీవితంలో పేరిణికే ఎక్కువ పేరు వచ్చింది. నా దృష్టిలో ఆయన చేసిన అంతకంటే క్లిష్టమైన పని ఆంధ్రనాట్యం.

కళావంతుల నృత్యానికి 19వ శతాబ్దం చివరి నుంచి దెబ్బ మీద దెబ్బ తగిలింది. కందుకూరి వీరేశలింగం మొదలుకొని సంస్కర్తలు భోగం మేళాలను ఖండించారు. 1947లో మద్రాసు రాష్ట్రం బాలికలను గుళ్లకు అంకితం చేయడాన్ని చట్టం ద్వారా నిషేధించింది. ఇక్కడ మన ప్రాంత భూగోళం గమనించాలి. అప్పటికి సత్తుపల్లి నైజాం రాష్ట్రంలో ఉంది. మద్రాసు చట్టం ఇక్కడికి రాలేదు. భద్రాచలం మాత్రం తూర్పు గోదావరిలో, మద్రాసు పాలన కింద ఉంది. 1959లో గాని ఖమ్మం జిల్లాలో కలవలేదు. ఒకే అడవికి ఇటూ అటూ రెండు పాలనలు. తెలుగు కళల చరిత్రను ఒకే గీతలాగా గీయబోతే ఈ సరిహద్దుల దగ్గర తెగిపోతుంది.

చట్టం ఒక దురాచారాన్ని ఆపింది. ఆ పనితో పాటు కొందరు స్త్రీల జీవనాధారాన్ని, వారి ఒంట్లో ఉన్న విద్యను కూడా వీధిలోకి నెట్టింది. అభినయంలో ఆరితేరినవారు బయటకు చెప్పుకోలేక ఇళ్లలో ఉండిపోయారు. అదే సమయంలో కూచిపూడివారు గుర్తింపు కోసం పోరాడుతున్నారు. 1958లో ఢిల్లీలో కేంద్ర అకాడమీ నాట్య సదస్సు, దానిలో తగిన స్థానం దక్కలేదన్న బాధ, 1959లో హైదరాబాదులో జవాబుగా మరో సదస్సు. కూచిపూడి ఆనాటికి బ్రాహ్మణ పురుషుల సంప్రదాయం. దానికి గుర్తింపు కోసం అడిగే గొంతులు గట్టిగానే ఉన్నాయి. కళావంతుల తరఫున అడిగేవారు తక్కువ.

1970లో హైదరాబాదులో జరిగిన అభినయ సదస్సుకు రామకృష్ణగారు పాతతరం కళావంతులను రప్పించారు. పండితుల ముందు వారు ఆడి, పాడి, అభినయించి చూపించారు. ఆ సంప్రదాయానికి "ఆంధ్రనాట్యం" అన్న పేరు నిలిచింది. పిఠాపురం కుంతీమాధవస్వామి గుడిలో తొమ్మిది రాత్రులు ఆడే నవజనార్దన పారిజాతాన్ని కూడా ఆయన తిరిగి వేదిక ఎక్కించారు. ఆయన శిష్యుడు కళాకృష్ణ స్త్రీవేషంలో సత్యభామగా ఆ సంప్రదాయానికి పేరు తెచ్చారు.

ఇది రక్షణ అనడంలో సందేహం లేదు. ఆయన అడగకపోతే ఆ పెద్దలను ఎవరూ పిలిచి ఉండరు. అయినా చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న ఒకటి మిగులుతుంది. పేరులో ఎవరున్నారు? "ఆంధ్ర" అన్న మాట ఒక ప్రాంతాన్ని, ఒక జాతిని చెప్తుంది. ఆడిన స్త్రీలను చెప్పదు. ఆ పేరు వల్ల కళకు గౌరవం వచ్చింది, వేదిక దొరికింది. కళావంతులన్న మాట మాత్రం పక్కకు జరిగింది.

1990లలో స్వప్నసుందరి ఇదే పరంపరలోని నృత్యాన్ని కళావంతుల దగ్గర నేర్చుకొని "విలాసినీ నాట్యం" పేరుతో ప్రదర్శించారు. ఆ పేరు పెట్టినవారు ఆరుద్ర. విలాసిని అంటే ఆడే స్త్రీ. ఈ పేరులో కనీసం స్త్రీ ఉంది. తర్వాతి తరంలో యశోదా ఠాకూర్ వచ్చారు. తాను కళావంతుల కుటుంబం నుంచి వచ్చానని బహిరంగంగా చెప్పుకొన్న నర్తకి, పరిశోధకురాలు ఆమె. పప్పు వేణుగోపాలరావుతో కలిసి నృత్తరత్నావళిని ఇంగ్లీషులోకి అనువదించారు. జాయప గ్రంథం చివరికి ఆ ఇంటి ఆడబిడ్డ చేతికి వచ్చిందన్నమాట. డేవేశ్ సొనేజీ 2012లో ప్రచురించిన పరిశోధన గోదావరి జిల్లాల కళావంతుల ఇళ్లకు వెళ్లి, వారికి గుర్తున్న పాటలను, వారికి జరిగిన నష్టాన్ని వారి మాటల్లోనే నమోదు చేసింది.

ఒకే నృత్యానికి మూడు పేర్లు, ముగ్గురు నలుగురు పరిశోధకులు, ఒక్కొక్కరిది ఒక్కో వాదన. మీరు ఏ పేరు వాడినా ఆ పేరు ఎవరిదో రాయండి.

5. కుర్చీ వచ్చిన తరం

రామకృష్ణగారి పని అకాడమీ ఆధారంగా జరిగింది. 1983లో రాష్ట్ర ప్రభుత్వం అకాడమీలను రద్దు చేసింది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం ఏర్పడి వాటి బాధ్యతలను తనలో కలుపుకొంది. 1988లో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు పేరిట ప్రదర్శన కళల విభాగం మొదలైంది. ఇక్కడి నుంచి నర్తకి ఆచార్యురాలు కావడం, ఆచార్యురాలు గజ్జె కట్టడం మామూలు విషయమైంది. కూచిపూడి నర్తకి అనూరాధ జొన్నలగడ్డ హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు. అలేఖ్య పుంజాల తెలుగు విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా, రిజిస్ట్రారుగా పనిచేస్తూ రాణీ రుద్రమను వేదిక మీద చూపించారు. నాటకరంగంలో నటుడు, దర్శకుడు, ఆచార్యుడు అయిన మొదలి నాగభూషణశర్మ పేరు చెప్పకుండా ఈ పేరా ముగించకూడదు.

పట్టా రావడం వల్ల లాభం ఏమిటంటే, పరిశోధకుడు తన ఆధారాన్ని చూపించక తప్పదు. ఎక్కడ గ్రంథం ఆగింది, ఎక్కడ తన ఊహ మొదలైంది అన్నది అడిగేవారుంటారు. రామకృష్ణగారి పుస్తకాలు చదివేటప్పుడు మీకు కొన్నిచోట్ల ఈ గీత కనిపించదు. నర్తకుని నమ్మకం, చరిత్రకారుని నిర్ధారణ ఒకే వాక్యంలో కలిసిపోతాయి. నష్టం కూడా ఉంది. పట్టా లేని ప్రదర్శకుడు చరిత్రకారుడిగా కనిపించడం మానేశాడు.

దీనికి ఉదాహరణ మన దగ్గరే ఉంది. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన డోలీ కోయ. కంచుమేళం, కంచుతాళం వాయిస్తూ సమ్మక్క, సారలమ్మల కథతో పాటు కోయ గోత్రాల పుట్టుపూర్వోత్తరాలను కోయ భాషలోను, తెలుగులోను పాడినవారు. డోలీలు పడిగెలనే బొమ్మల గుడ్డలను విప్పి, వాటి మీది గుర్తులను చూపుతూ వంశచరిత్ర చెప్తారు. జాయపకు తాళపత్రం ఉంది, డోలీకి పడిగె ఉంది. మేడారం కథలో కాకతీయ సైన్యం శత్రువు అన్న సంగతి కూడా మరవకండి. ఓరుగల్లు వైపు నుంచి చూస్తే వీరగాథగా కనిపించే కాలం, అడవి వైపు నుంచి చూస్తే కప్పం కోసం వచ్చిన దండయాత్ర. పేరిణిని కాకతీయ వైభవంగా చూసే మనం, కొమ్ముల తలపాగాతో డోలు వాయించే కోయ నృత్యాన్ని అదే ఉత్సవంలో "గిరిజన నృత్యం" అని ఒక్క మాటలో పరిచయం చేసి పంపేస్తాం. మొదటిదానికి కాలం చెప్తాం, రాజు పేరు చెప్తాం. రెండోదానికి కాలం ఉండదు, పేర్లు ఉండవు. ఆ నర్తకులను అడిగితే ఉంటాయి.

మీరు చేయవలసిన పని

సత్తుపల్లి, వేంసూరు, పెనుబల్లి, దమ్మపేట, అశ్వారావుపేట ప్రాంతాలలో మీకు అందుబాటులో ఉన్న ఒక ప్రదర్శకుని గాని, ప్రదర్శకురాలిని గాని కలవండి. బుర్రకథ కావచ్చు, కోలాటం కావచ్చు, డోలు కావచ్చు, భజన మేళం కావచ్చు. ముందుగా అనుమతి అడగండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఆ గురువు ఎవరి దగ్గర నేర్చుకున్నారు అని ఎంత వెనక్కి వెళ్లగలిగితే అంత వెనక్కి అడగండి. ఆట ఎప్పుడైనా ఆగిపోయిందా, ఆగితే ఎందుకు ఆగింది, తిరిగి మొదలైనప్పుడు ఏం మారింది అన్నవి తప్పక అడగండి. వారు చూసినదాన్ని, విన్నదాన్ని, మీరు ఊహించినదాన్ని మూడు వేర్వేరు పేరాలలో రాయండి. వారు చెప్పిన గురువుల పేర్లను ఆడ, మగ తేడా లేకుండా పూర్తిగా నమోదు చేయండి. నాలుగు పేజీలు మించకుండా రాసి, తర్వాతి సంప్రదింపు తరగతికి తీసుకురండి.